దూరపు దీవుల పెంగ్విన్లు: గంజాం, గజపతి జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

గంజాం, గజపతి జిల్లాల్లోని తెలుగు పిల్లలకూ, వాళ్లతో పాటు వచ్చి కూర్చునే పెద్దలకూ సముద్ర పక్షుల గురించి బొమ్మలు చూపించి చెబుతూ ఉంటాను. పెంగ్విన్ల దగ్గరికి వచ్చేసరికి ఎక్కడైనా అవే సందేహాలు. పర్లాకిమిడిలో బడిపిల్ల అడిగిందే గోపాల్‌పూర్‌లో వల బాగుచేసుకుంటున్న పెద్దాయనా అడుగుతాడు. అందుకని ఆ ప్రశ్నల్ని వాళ్ల మాటల్లోనే ఇక్కడ రాసిపెట్టాను. ఎక్కడి నుంచైనా చదువుకోవచ్చు.

## ముందుగా వచ్చే సందేహాలు

పెంగ్విన్లంటే మంచులో కదండీ ఉండేది? మధ్యలో ఈ దీవులేటి?

టీవీలో ఎక్కువగా చూపించేది అంటార్కిటికాలోని ఎంపరర్ పెంగ్విన్నే కాబట్టి అలా అనిపిస్తుంది. మొత్తం 18 జాతులుంటే, మంచు ఖండాన్నే నమ్ముకుని బతికేవి వాటిలో కొన్నే. మిగిలినవి దక్షిణ సముద్రాల్లో విసిరేసినట్టున్న దీవుల్లోనూ, దక్షిణాఫ్రికా, నమీబియా, పెరూ, చిలీ, అర్జెంటీనా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తీరాల్లోనూ ఉంటాయి. కొన్ని బండరాళ్ల సందుల్లో గూడు పెడతాయి, కొన్ని గడ్డి దుబ్బుల కింద, న్యూజిలాండ్‌లో కొన్ని అడవి చెట్ల మొదళ్ల దగ్గర. గాలాపాగోస్ పెంగ్విన్ అయితే సరిగ్గా భూమధ్యరేఖ దగ్గర, నల్లటి లావా రాళ్ల మీద కాపురం చేస్తుంది. ఆఫ్రికన్ పెంగ్విన్‌కి చలి కంటే ఎండే పెద్ద గండం.

ఎగరవు కదా, వాటిని పక్షులని ఎలా అంటాం?

ఈకలున్నాయి, ముక్కు ఉంది, గుడ్లు పెట్టి పొదుగుతాయి. పక్షులే. ఎగిరే పక్షుల ఎముకల్లో గాలి గదులుంటాయి. పెంగ్విన్ ఎముకలు గట్టిగా, బరువుగా ఉంటాయి, మునగడానికి అదే కావాలి. రెక్కలతో నీళ్లను తోసుకుంటూ పోతాయి. జెంటూ పెంగ్విన్ నీళ్లలో గంటకు 35 కిలోమీటర్ల దాకా వేగం అందుకుంటుంది.

అంత దూరం దీవులకే ఎందుకు పోయాయి?

రెండు కారణాలు. ఒకటి, చుట్టూ చల్లటి నీళ్లలో చిన్న చేపలు, రొయ్యల్లాంటి క్రిల్, స్క్విడ్ దండిగా దొరుకుతాయి. రెండోది నాకు మరీ ముఖ్యంగా అనిపిస్తుంది: ఆ దీవుల్లో నేల మీద తిరిగే వేటజంతువు లేదు. ఎగరలేని పక్షి నేల మీద గుడ్డు పెట్టి నెల రోజుల పైన కదలకుండా కూర్చోవాలంటే నక్క, పిల్లి, కుక్క లేని చోటు కావాలి. లక్షల ఏళ్లు అలాంటి చోటే బతికాయి కాబట్టి వాటికి నేల మీద దేన్ని చూసి భయపడాలో తెలియదు. మనుషులు ఓడల్లో వచ్చినప్పుడు ఆ భయం లేకపోవడమే వాటి కొంప ముంచింది. పారిపోకుండా నిలబడి చూశాయి.

మన బంగాళాఖాతంలో ఎందుకు లేవు? హిందూ మహాసముద్రంలో అసలు లేవా?

బంగాళాఖాతంలో పైనీళ్లు ఏడాదిలో చాలా భాగం 28 డిగ్రీల పైనే ఉంటాయి. పెంగ్విన్ల తిండి చల్లటి నీళ్లలో ఉంటుంది, వేడి నీళ్లు వాటికి దాటలేని అడ్డు. హిందూ మహాసముద్రంలో మాత్రం ఉన్నాయి, దాని దక్షిణపు కొసన. సెయింట్ పాల్, ఆమ్‌స్టర్‌డామ్, క్రోజే, కెర్గెలెన్ దీవులు ఫ్రాన్సువి. మేరియన్ దీవి దక్షిణాఫ్రికాది. హర్డ్ దీవి ఆస్ట్రేలియాది. గోపాల్‌పూర్ లైట్‌హౌస్ దగ్గర నిలబడి దక్షిణం వైపు చూస్తే ఆ కనిపించే నీళ్లే సాగిపోయి, ఎంతో దూరాన పెంగ్విన్లున్న సముద్రంలో కలుస్తాయి. పిల్లలకు పటం మీద వేలు పెట్టి చూపిస్తే ఇది వెంటనే ఎక్కుతుంది.

ఉత్తర ధ్రువం దగ్గర కూడా చల్లగానే ఉంటుంది కదా?

ఉంటుంది. పెంగ్విన్లు దక్షిణార్ధగోళంలో పుట్టి పెరిగిన కుటుంబం, మధ్యలో వేడి సముద్రం దాటి పైకి పోలేదు. ఉత్తరాన గ్రేట్ ఆక్ అనే పక్షి ఉండేది. చూడ్డానికి అచ్చం పెంగ్విన్‌లా ఉండేది, అదీ ఎగరలేదు. మాంసానికి, ఈకలకు, నూనెకు దాన్ని వేటాడి వేటాడి, చివరికి 1844లో ఐస్‌లాండ్ దగ్గర ఎల్డే అనే రాతి దీవిలో ఆఖరి జంటను చంపేశారు.

అన్ని పెంగ్విన్లూ అంతరించిపోతున్నాయా?

లేదు. జెంటూ లాంటివి బాగానే ఉన్నాయి. అన్నిటికంటే దారుణమైన స్థితి ఆఫ్రికన్ పెంగ్విన్‌ది. 2024 అక్టోబరులో దాన్ని తీవ్రంగా ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు, అంటే అడవిలో అంతరించడానికి ఒక్క మెట్టు ముందు. గుడ్లు పెట్టే జంటలు 10,000 కంటే తక్కువకు పడిపోయాయి. ప్రమాదంలో ఉన్నవాటిలో మరో నాలుగు: గాలాపాగోస్ పెంగ్విన్, దక్షిణ అట్లాంటిక్‌లోని ట్రిస్టన్ డా కున్యా దీవి చుట్టుపక్కల ఎక్కువగా ఉండే నార్తర్న్ రాక్‌హాపర్, న్యూజిలాండ్‌లోని యెల్లో ఐడ్, అక్కడే ఆంటిపోడీస్, బౌంటీ దీవుల్లో మాత్రమే గుడ్లు పెట్టే ఎరెక్ట్ క్రెస్టెడ్. ఈ నాలుగింటి గూళ్లూ ఎక్కువగా దీవుల్లోనే ఉన్నాయి.

## గూడు, గుడ్డు, పిల్ల

జంట కడితే చచ్చేదాకా విడిపోవంటారు, నిజమేనా?

చాలావరకు ఏటా అదే గూటికి, అదే జంట దగ్గరికి వస్తాయి. కానీ ఒకటి ఆలస్యమైతే రెండోది వేరే జంట వెతుక్కోవడమూ ఉంది. ఎండాకాలం చిన్నదిగా ఉండే చోట ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ ఏడాది పిల్ల దక్కదు.

రెండు గుడ్లు పెట్టి ఒకటి వదిలేస్తాయట. ఎందుకలా?

తల మీద పసుపు తురాయి ఉండే జాతుల్లో ఇది కనిపిస్తుంది. ఎరెక్ట్ క్రెస్టెడ్‌లో అయితే రెండో గుడ్డు మొదటిదాని కంటే దాదాపు 80 శాతం పెద్దది. మొదటి గుడ్డు రెండోది పెట్టేలోపో, పెట్టిన రోజుల్లోనో పోతుంది. దాన్ని గట్టిగా పొదగవు కూడా. ఇద్దరు పిల్లలకు సరిపడా తిండి తేలేని పక్షి ఒక్క పిల్ల మీదే బలం పెడుతుంది. బడిలో ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు బాధపడతారు. బాధపడనివ్వండి. కానీ దీని అర్థం కూడా చెప్పండి: ఏడాదికి ఒక్క పిల్లే కాబట్టి పెద్ద పక్షుల్ని ఒక్కసారి పోగొట్టుకుంటే ఆ సంఖ్య మళ్లీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది.

వేల పక్షుల్లో తన పిల్ల ఏదో ఎలా గుర్తుపడతాయి?

గొంతుతో. కింగ్ పెంగ్విన్ ఒకేసారి రెండు స్వరాలు పలుకుతుంది, ఆ రెండూ కలిసిన తీరు ఏ పక్షిది ఆ పక్షిదే. సముద్రం నుంచి వచ్చిన తల్లో తండ్రో పిలుస్తుంది, ఆ గోలలోనే పిల్ల బదులిస్తుంది. కింగ్ పెంగ్విన్ పిల్ల పెరిగి సముద్రంలో దిగడానికి ఏడాది దాకా పడుతుంది, అంతకాలం ఇద్దరూ మార్చి మార్చి తిండి తెస్తారు.

ఈకలన్నీ ఒక్కసారే రాల్చేస్తాయని విన్నాం. ఆ రోజుల్లో ఏం తింటాయి?

ఏమీ తినవు. పెంగ్విన్ బతుకులో ఇంతకంటే కష్టమైన కాలం లేదు. మిగతా పక్షులు ఈకలు కొన్ని కొన్నిగా మార్చుకుంటాయి. పెంగ్విన్ రెండు మూడు వారాల్లో మొత్తం మార్చేసుకుంటుంది. పాత ఈకలు ఊడి కొత్తవి వచ్చేదాకా ఒంటికి నీళ్లు తగలకూడదు. తగిలితే చలికి బిగుసుకుపోతుంది. కాబట్టి సముద్రంలోకి దిగదు, వేట లేదు. ముందే బాగా తిని కొవ్వు పట్టించుకుని వచ్చి ఒడ్డున నిలబడుతుంది. ఆ కొవ్వు మీదే బతికి, అయ్యేసరికి బరువులో సగం దాకా కోల్పోతుంది. ముందు నెలలో చేప దొరక్కపోతే ఈకల కాలం దాటలేదు. అయిపోయాక దొరక్కపోయినా బతకదు. దీవి దగ్గర చేప తగ్గితే పెంగ్విన్ ఎందుకు చస్తుందో అర్థం కావాలంటే ముందు ఈ మూడు వారాలు అర్థం కావాలి.

ఉప్పునీళ్లు తాగి ఎలా బతుకుతాయి?

కళ్ల పైన ఒక గ్రంథి ఉంటుంది. ఒంట్లో ఎక్కువైన ఉప్పును అది వడగట్టి ముక్కు మీదుగా బొట్లు బొట్లుగా వదిలేస్తుంది.

## ప్రాణం మీదికి తెచ్చేవి

మనుషులే లేని దీవిలో వాటినెవరు చంపుతారు?

మనుషులు వెళ్లి వదిలేసి వచ్చినవి చంపుతాయి. ఓడల్లోంచి దిగిన ఎలుకలు, ఎలుకల కోసం తెచ్చిన పిల్లులు, తిండికని వదిలిన కుందేళ్లు, పందులు. దక్షిణ అట్లాంటిక్‌లోని గఫ్ దీవిలో ఓడల్లో వచ్చిన చిట్టెలుకలు ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్ర పక్షి పిల్లల్ని గూట్లోనే, బతికుండగానే కొరుక్కుతింటాయి. న్యూజిలాండ్‌లో ముంగిస లాంటి స్టోట్‌లు పెంగ్విన్ పిల్లల్ని ఎత్తుకుపోతాయి. ఆస్ట్రేలియాకు చెందిన మక్వారీ దీవిలో కుందేళ్లు గడ్డంతా మేసేసి కొండవాలు వదులైపోతే, 2006లో మట్టిచరియ కింగ్ పెంగ్విన్ల గూళ్ల మీద పడింది.

మనుషులు నేరుగా చేసిందీ తక్కువేం కాదు. అదే మక్వారీలో 1890ల నుంచి దాదాపు ముప్పై ఏళ్లు పెంగ్విన్లను పెద్ద పెద్ద బాయిలర్లలో ఉడికించి నూనె తీశారు. జనం గట్టిగా ఎదిరించాక లైసెన్సు ఆపేశారు. 1933లో ఆ దీవిని అభయారణ్యం చేశారు. అప్పటికి కొన్ని వేలకు పడిపోయిన కింగ్ పెంగ్విన్లు ఈ రోజు అక్కడ ఒడ్డు నిండా ఉన్నాయి. ఆపితే తిరిగొస్తాయని నమ్మడానికి నాకు ఈ ఒక్క దీవి చాలు.

చేపల వేట వల్ల పెంగ్విన్లకు నష్టమంటున్నారు. ఇది కూడా మా పొట్ట మీద కొట్టడానికేనా?

ఆర్జిపల్లిలో, పొడంపేటలో ఈ ప్రశ్న కోపంగా అడుగుతారు. నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్య మొగ దగ్గర తాబేళ్ల కోసం వేట ఆపించే తీరంలో ఉన్నవాళ్లు అడగాల్సిన ప్రశ్నే ఇది.

దక్షిణాఫ్రికాలో ఏం జరిగిందో చెబుతాను. ఆఫ్రికన్ పెంగ్విన్ తినేది ముఖ్యంగా రెండు రకాల చేపలు, సార్డీన్లు, ఆంకోవీలు. మన దగ్గరి కవళ్లు, నెత్తళ్ల చుట్టాలే. వాటిని అక్కడ పెద్ద ఓడల్లో రింగు వలలేసి టన్నుల కొద్దీ తీస్తారు. అందులో చాలా భాగం చేపల పొడికీ, నూనెకూ పోతుంది. సముద్రం మారి సార్డీన్ల మందలు కూడా పడమటి తీరం నుంచి తూర్పు వైపు జరిగాయి. గుడ్ల మీద కూర్చునే పెంగ్విన్ తిండి కోసం గూటి నుంచి కొద్ది దూరమే పోగలదు. ఆ కొద్ది దూరంలోనే పెద్ద వల పడితే పిల్ల ఆకలితో చస్తుంది.

పక్షుల సంఘాలు కోర్టుకెళ్లాయి. 2025 మార్చిలో రాజీ కుదిరి, కోర్టు దాన్ని ఉత్తర్వుగా చేసింది: పెంగ్విన్లు గుడ్లు పెట్టే ఆరు చోట్ల చుట్టూ సార్డీన్, ఆంకోవీ వేట పదేళ్లు ఉండదు. ఆ ఒప్పందం మీద చేపల కంపెనీలూ సంతకం పెట్టాయి. అది తెప్ప మీద బతికే మనిషిని ఆపే ఉత్తర్వు కాదు. పెద్ద రింగు వలల్ని, ఫలానా చోట, ఫలానా చేపకు ఆపేది. వేట ఆపమనేవాళ్లు ఎవరిని, ఎక్కడ, ఎన్ని నెలలు ఆపాలో ఇంత విడమరచి చెప్పాలనే నేనంటాను. ఆగినవాడికి ఆ నెలల్లో అన్నం ఎలాగో కూడా అదే కాగితంలో ఉండాలి.

వలలో చిక్కుకుని కూడా చస్తాయా?

చస్తాయి. యెల్లో ఐడ్ పెంగ్విన్ సముద్రపు అడుగుదాకా మునిగి వేటాడుతుంది. నీళ్లలో గోడలా నిలబెట్టే గిల్‌నెట్ దానికి కనిపించదు. చిక్కుకుంటే ఊపిరి కోసం పైకి రాలేక చచ్చిపోతుంది. మన తీరంలో ట్రాలర్ వలలో తాబేలు చచ్చేదీ అలాగే. న్యూజిలాండ్ వాళ్లు ఈ పెంగ్విన్‌ని హొయిహో అంటారు, వాళ్ల 5 డాలర్ల నోటు మీద దాని బొమ్మ ఉంటుంది.

ఎల్ నినో అంటే మనకు వానలు తగ్గడమే కదా? పెంగ్విన్లకేంటి సంబంధం?

గాలాపాగోస్ భూమధ్యరేఖ దగ్గరున్నా అక్కడ పెంగ్విన్ బతకడానికి కారణం పడమటి నుంచి లోతులో వచ్చే చల్లటి ప్రవాహం. క్రామ్‌వెల్ ప్రవాహం అంటారు. అది దీవులకు తగిలి పైకి లేచినప్పుడు చిన్న చేపలు పుష్కలంగా ఉంటాయి. ఎల్ నినో అంటే పసిఫిక్ సముద్రంలో పైనీళ్లు మామూలు కంటే వేడెక్కడం. ఆ ఏడాదిలో ఈ ప్రవాహం బలహీనపడుతుంది, నీళ్లు వేడెక్కుతాయి, చేప పోతుంది. 1982-83 ఎల్ నినోలో అక్కడి పెంగ్విన్లలో 77 శాతం చచ్చిపోయాయి. 1997-98లో మళ్లీ మూడింట రెండు వంతులు పోయాయి. మిగిలినవి కొద్ది వేలు కూడా లేవు. బరంపురం చుట్టుపక్కల రైతు వాన కోసం ఆకాశం చూసే ఏడాదిలోనే అక్కడ పెంగ్విన్ గూడు ఖాళీ అవుతుంది.

ఓడ ప్రమాదంలో వేల పెంగ్విన్లు చచ్చాయని చదివాం. ఎక్కడ?

2011 మార్చి 16న ఎమ్‌ఎస్ ఒలీవా అనే సరుకు ఓడ సోయాబీన్ వేసుకుని పోతూ నైటింగేల్ దీవి రాళ్లకు గుద్దుకుంది. దక్షిణ అట్లాంటిక్‌లో, ట్రిస్టన్ డా కున్యా పక్కనున్న దీవి అది. ఓడ విరిగి వందల టన్నుల ఇంధనం నీళ్లలో కలిసింది. ఈకల కాలం అప్పుడే ముగించుకుని బక్కచిక్కి ఆకలి మీదున్న రాక్‌హాపర్లు తిండికని నీళ్లలోకి దిగే సమయం.

ట్రిస్టన్ ఊళ్లో ఉండేది 250 మంది లోపే. విమానాశ్రయం లేదు. కేప్‌టౌన్ నుంచి ఓడలో దాదాపు వారం ప్రయాణం. సాయం వచ్చేదాకా ఊరివాళ్లే పడవలేసుకుని వెళ్లి దాదాపు 3,700 పక్షుల్ని తెచ్చారు. షెడ్లు ఇచ్చారు, ఊరి ఈతకొలనునీ పెంగ్విన్లకే వదిలేశారు. అంత చేసినా బతికి సముద్రంలోకి తిరిగి వెళ్లినవి పదింట ఒకటే.

పక్షుల జ్వరం అక్కడికీ పోయిందా?

పోయింది. హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ 2023 అక్టోబరులో దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా దీవికి చేరింది. 2024లో మేరియన్, క్రోజే, కెర్గెలెన్ దీవుల్లోనూ కనబడింది. ఇది ఓడల్లో వచ్చినది కాదు, ఎగిరే పక్షులు మోసుకొచ్చినది. గుంపులుగా బతికే పక్షులకు ఇదే పెద్ద టెన్షన్.

ఒక దీవిలో లక్షల పెంగ్విన్లు మాయమయ్యాయట?

క్రోజే దీవుల్లో కొషోన్ అనే దీవి ఉంది. 1982లో అక్కడ సుమారు 5 లక్షల కింగ్ పెంగ్విన్ జంటలుండేవి, ప్రపంచంలోనే అతిపెద్ద కింగ్ పెంగ్విన్ గుంపు. ఉపగ్రహం ఫొటోలు చూసి 2018లో లెక్క చెప్పారు: మిగిలింది 60,000 జంటలు. పక్షుల కాళ్ల కింద నలిగి బోడిగా ఉండే నేల మీద గడ్డి మొలిచి ఆ ఫొటోల్లో పచ్చగా కనిపించింది. దశాబ్దాలపాటు ఆ దీవిలో ఎవరూ కాలు పెట్టలేదు కాబట్టి చూసినవాళ్లే లేరు. మనుషులు పోకపోవడమే రక్షణ అనుకునేవాళ్లకు నేను ఈ దీవి సంగతే చెబుతాను.

## కాపాడే పని

దీవి మొత్తం మీద ఎలుకల్ని ఎలా చంపుతారండీ? పాపం కాదా?

హెలికాప్టర్ నుంచి విషపు గింజలు చల్లుతారు. దీవిలో ఒక్క గజం వదలకుండా, ఎక్కువ పక్షులు సముద్రంలో ఉండే చలికాలంలో. ఒక్క చూలు ఎలుక మిగిలినా మొత్తం పని వృథా.

మక్వారీలో నేర్చుకున్న పాఠం పెద్దది. అక్కడ ముందు పిల్లుల్ని తొలగించారు, 2000 నాటికి అవి లేవు. పిల్లులు పోయేసరికి కుందేళ్లు విపరీతంగా పెరిగి కొండలన్నీ బోడి చేశాయి. అప్పుడు ఎలుకలు, చిట్టెలుకలు, కుందేళ్లు మూడింటినీ కలిపి 2010, 2011లో తొలగించారు. మిగిలినవాటి కోసం శిక్షణ ఇచ్చిన కుక్కలతో ఏళ్లపాటు వెతికి, 2014లో దీవి శుభ్రమైందని ప్రకటించారు. విషం తిన్న పక్షులూ కొన్ని వందల్లో కాదు, అంతకంటే ఎక్కువే చచ్చాయి. ఆంటిపోడీస్ దీవిలో చిట్టెలుకల పని 2018లో విజయవంతంగా ముగిసింది. గఫ్‌లో 2021లో చేసింది విఫలమైంది, కొన్ని నెలలకే చిట్టెలుక మళ్లీ కెమెరాకు చిక్కింది.

పాపం సంగతి. ప్రాణం తీయడం బాధే, దాన్ని చిన్నది చేసి చెప్పను. ఎలుకకు భూమ్మీద చోట్లు లెక్కలేనన్ని. ఎరెక్ట్ క్రెస్టెడ్‌కు ఉన్నవి రెండే దీవుల గుంపులు. నా మనసు పెంగ్విన్ వైపే మొగ్గుతుంది.

నూనె అంటిన పెంగ్విన్‌ని కడిగితే సరిపోతుందా?

వెంటనే కడగరు. ముందు వెచ్చగా ఉంచి, నీళ్లు, మెత్తటి తిండి గొట్టంతో పట్టి బలం రానిస్తారు. తర్వాత గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగి, ఈకల్లో సబ్బు జాడ లేకుండా తీస్తారు. ఆపైన ఈకలకు నీళ్లు అంటకుండా ఆపే గుణం తిరిగి వచ్చేదాకా ఉంచుకుని వదులుతారు.

పెద్ద ఊరు దగ్గరుంటే ఫలితం ఎంత మారుతుందో 2000 జూన్‌లో కేప్‌టౌన్ దగ్గర తేలింది. ట్రెజర్ అనే ఓడ మునిగి సుమారు 19,000 ఆఫ్రికన్ పెంగ్విన్లకు నూనె అంటింది. వేలమంది వాలంటీర్లు కడిగారు, పదింట తొమ్మిది దాకా బతికాయి. ఇంకో ఉపాయమూ చేశారు. నూనె అంటని మరో 19,500 పక్షుల్ని పట్టి దూరంగా పోర్ట్ ఎలిజబెత్ దగ్గర వదిలారు. అవి ఈదుకుంటూ ఇంటికి వచ్చేసరికి రెండు మూడు వారాలు పట్టింది, ఆలోపు సముద్రం శుభ్రం చేసేశారు. వాటిలో మూడింటికి ఉపగ్రహ పరికరాలు కట్టి పీటర్, పమేలా, పెర్సీ అని పేర్లు పెట్టారు. పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి కథ నాకు దొరకలేదు.

వాటికి గూళ్లు మనుషులు కట్టిస్తారని విన్నాం. పక్షికి గూడు కట్టుకోవడం రాదా?

వచ్చు. కట్టుకునే మట్టిని మనుషులు ఎత్తుకుపోయారు. ఆఫ్రికన్ పెంగ్విన్లు వందల ఏళ్లుగా పేరుకున్న రెట్టల పొరల్లో బొరియ తవ్వుకుని చల్లగా ఉండేవి. 19వ శతాబ్దంలో ఆ రెట్టను గ్వానో ఎరువుగా ఓడలకెత్తి గీకేశారు. మిగిలింది బండ. ఇప్పుడు గుడ్డు ఎండలోనే, సముద్రపు కాకులకు కనిపించేలా ఉంటుంది. అందుకే వేడి తగలని పెట్టెలు, కప్పు గూళ్లు తయారుచేసి పెడుతున్నారు. గాలాపాగోస్‌లో డీ బోర్స్మా అనే శాస్త్రవేత్త బృందం 2010లో లావా రాళ్లు పేర్చి 120 నీడ గూళ్లు కట్టింది. పెంగ్విన్లు వాటిలో కాపురం పెట్టాయి.

జూలో పెంచి వదిలేస్తే పోదా? ముంబైలో ఉన్నాయి కదా?

ముంబై బైకుల్లా జూలో ఉన్నవి హంబోల్ట్ పెంగ్విన్లు, పెరూ, చిలీ తీరాలవి. 2016లో దక్షిణ కొరియా నుంచి ఎనిమిదింటిని తెచ్చారు, తర్వాత అక్కడ పిల్లలూ పుట్టాయి. చల్లటి గదిలో ఉంటాయి. పనుల కోసం ముంబై వలస పోయిన మనవాళ్లు పిల్లల్ని తీసుకెళ్లి చూపించొచ్చు, తప్పులేదు. కానీ జూలో పుట్టిన పక్షిని ఖాళీ సముద్రంలో వదిలితే తినేదేముంది? చేప తిరిగిరానంతవరకు వదలడానికి చోటు లేదు.

ఆ దీవుల మనుషులే పెంగ్విన్ గుడ్లు తినేవారట. వాళ్లను ఎలా నమ్మడం?

ట్రిస్టన్ వాళ్లు నైటింగేల్‌కు పడవల్లో వెళ్లి రాక్‌హాపర్ గుడ్లు ఏరుకొచ్చేవారు, నిజమే. ఆకలి తీర్చిన తిండి అది. ఇప్పుడు ఆ పక్షిని కాపాడేదీ వాళ్లే. వాళ్ల ముఖ్య ఆదాయం రాతి లాబ్‌స్టర్ వేట. 2020లో తమ చుట్టూ ఉన్న సుమారు 6,87,000 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించి, తమ లాబ్‌స్టర్ వేటకు కావలసిన భాగం ఉంచుకున్నారు. చిలికా ఒడ్డున మంగళాజోడిలో ఒకప్పుడు పక్షుల్ని వేటాడినవాళ్లే ఈ రోజు వాటికి కాపలా, యాత్రికులకు గైడ్లు. పక్షి అలవాట్లు అందరికంటే బాగా తెలిసినవాడు వేటగాడే. వాణ్ని దూరం పెట్టి కాపాడబోతే పని జరగదు.

## మనం ఇక్కడి నుంచి

ఎక్కడో ఉన్న పెంగ్విన్ కోసం మనకేటండీ లాభం? మన తాబేళ్లే మనకు చాలు కదా?

తాబేళ్లను ముందు చూసుకోండి, నేనూ అదే చెబుతాను. రుషికుల్య ఒడ్డున 2025లో దాదాపు 7 లక్షల ఆలివ్ రిడ్లేలు గుడ్లు పెట్టాయి. అంతకు ముందు ఏడాది మూకుమ్మడిగా రానేలేదు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో ఏటా వచ్చే కొంగల్ని ఊరివాళ్లు చుట్టాల్లా చూసుకుంటారు. ఇవి తెలిసినవాళ్లకు పెంగ్విన్ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది: ఒడ్డున గుడ్డు, దగ్గరి నీళ్లలో వల, ఆ ఒడ్డున బతికే మనుషులు. అక్కడ ఏం చేస్తే పనిచేసిందో, ఏది విఫలమైందో తెలుసుకుంటే ఇక్కడ అడగాల్సిన ప్రశ్నలు పదునెక్కుతాయి. లాభం అంటే నాకు అదే.

మా అమ్మాయి పెంగ్విన్ల మీద పని చేస్తానంటోంది. ఏం చదివించాలి?

ప్లస్ టూలో సైన్స్, బయాలజీతో పాటు లెక్కలు వదలకుండా. ఈ పనిలో సగం లెక్కపెట్టడమే. తర్వాత జువాలజీ గానీ మెరైన్ బయాలజీ గానీ. బరంపురం యూనివర్సిటీలోనే మెరైన్ సైన్సెస్ విభాగం ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. పై చదువుకు డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ చూడండి. అంటార్కిటికాలో మన దేశానికి మైత్రి, భారతి కేంద్రాలున్నాయి, అక్కడికి బృందాల్ని పంపేది గోవాలోని జాతీయ ధ్రువ పరిశోధన సంస్థ. ఆలోపు రుషికుల్యలో తాబేళ్లు వచ్చే కాలంలో అటవీశాఖ వాళ్లతో, ఊరి యువకులతో కలిసి పని చేయనివ్వండి. రాత్రంతా ఇసుక మీద నడిచి లెక్క రాసే ఓపిక ఉందో లేదో అక్కడ తేలిపోతుంది.

వెళ్లి చూడాలంటే?

అందరికీ వీలైనది దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ దగ్గరి బౌల్డర్స్ బీచ్, చెక్క నడవ మీద నుంచి ఆఫ్రికన్ పెంగ్విన్లను చూడొచ్చు. ట్రిస్టన్‌కు ఓడలు ఏడాదికి కొన్నే, దిగాలంటే అక్కడి పాలకమండలి అనుమతి కావాలి. ఎక్కడికి పోయినా బూట్లు, బ్యాగు అరలు శుభ్రంగా కడుక్కోవాలి. అంటుకుపోయిన ఒక్క గడ్డి విత్తనం కూడా దీవిని పాడుచేస్తుంది. ఈకలు రాలుస్తున్న పక్షి దగ్గరికి సెల్ఫీకని పోకండి. భయపెడితే నీళ్లలోకి దూకుతుంది, దూకితే చలికి చస్తుంది.

డబ్బు పంపాలా?

పంపగలిగితే కేప్‌టౌన్‌లోని శాన్‌కాబ్ అనే సంస్థ గాయపడిన పెంగ్విన్లను బాగుచేసి వదులుతుంది. మీ దగ్గర ఇవ్వగలిగింది తక్కువే అయితే మీ ఊరి ఒడ్డు శుభ్రానికో, తాబేళ్ల కాపలాకో ఇవ్వండి.

బడి ప్రాజెక్టుకు ఒక్క పెంగ్విన్ తీసుకోమన్నారు. ఏది తీసుకోమంటారు?

నార్తర్న్ రాక్‌హాపర్. కళ్ల పైన పొడుగాటి పసుపు ఈకలు, ఎర్రటి కళ్లు, రాయి మీంచి రాయికి గెంతే అలవాటు. బొమ్మ వేయడానికి బాగుంటుంది. చార్టు మీద ముందు పటం గీయండి: అట్లాంటిక్‌లో ట్రిస్టన్, గఫ్, మన హిందూ మహాసముద్రంలో ఆమ్‌స్టర్‌డామ్, సెయింట్ పాల్. ఈ పక్షి గూడు పెట్టే చోట్లు దాదాపు ఇవే. గఫ్‌లో గత శతాబ్దం మధ్య నుంచి 90 శాతానికి పైగా తగ్గాయని రాయండి. ఒలీవా ఓడ తేదీ, ఊరివాళ్లు తెచ్చిన పక్షుల సంఖ్య రాయండి. పక్కన రుషికుల్య మొగను కూడా అదే పటంలో గుర్తుపెట్టి, ఏ నెలల్లో వేట ఆగుతుందో రాయండి. టీచర్ అడిగితే మీ నాన్ననో తాతనో వేటకు పోయినవాళ్లను తరగతికి పిలిపించండి, వలల సంగతి వాళ్లే చెప్తారు.